పద్నాలుగో వరసలో ఉన్నదెవరు

ఇలా దగ్గరికి జరగండమ్మా. ఆ చివరన కూర్చున్నవాళ్ళు కూడా లేచి ఇటు రండి, ఇవాళ్టి సంగతి గొంతు చించుకుని చెప్పేది కాదు. చేతిలో పనుంటే పక్కన పెట్టండి. పెట్టలేకపోతే చేసుకుంటూనే వినండి, చెవులు ఖాళీయేగా.

మన మొండి డాక్టరమ్మని ఎక్కడ వదిలిపెట్టాం? ఆసుపత్రి ఆఫీసు మేడమీద, మూసిన తలుపు ముందు, చంకలో ఫైలుతో. లోపల ముగ్గురు పెద్దమనుషులు ఆమె కోసం కూర్చుని ఉన్నారు. అంతవరకు చెప్పాను. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు చెప్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆమె గుండె డాక్టరు. తోటివాళ్ళంతా పూడుకుపోయిన రక్తనాళాలు తెరిచి పేరూ, పెద్ద కారూ సంపాదించుకుంటే ఈవిడ ఆగిపోయిన గుండెల వెంట పడింది. "కొట్టుకునే గుండెలు నీకెక్కడా దొరకలేదా" అని స్నేహితులు వేళాకోళం ఆడేవాళ్ళు. పదిహేనేళ్ళుగా ఆమెకి ఒకటే ప్రశ్న. వీధిలో పడిపోయినవాళ్ళ సంగతి వేరు. ఆసుపత్రి మంచం మీద, చుట్టూ తెల్లబట్టల మనుషులు తిరుగుతుండగా గుండె ఆగినవాళ్ళు కూడా ఎందుకింతమంది తిరిగి రావటం లేదు? రిజిస్టరు తీసి చూస్తే అంతా బంగారంలా ఉంది. గుండె ఆగిన టైము, షాకిచ్చిన టైము, మధ్యలో రెండు నిమిషాలు. ఏ పేజీ తిప్పినా రెండే నిమిషాలు. రెండు నిమిషాల్లో షాకిస్తే చాలామంది లేచి కూర్చోవాలి. వీళ్ళేమో లేవటం లేదు.

ఆ ముడి విప్పింది డాక్టరు కాదు, ప్రొఫెసరు కాదు. ఈవిడ అత్తగారు. ముప్ఫై ఏళ్ళు బస్సులో కండక్టరుగా పనిచేసి, ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా గుమ్మంలో అడ్డంగా నిలబడితే "ముందుకి జరగండి, ముందుకి" అని అరిచే మనిషి. ఒకరోజు కోడలితో కలిసి బఠాణీలు ఒలుస్తూ, ఆమె ముఖం చూసి విషయం అడిగింది. విని, ఫక్కున నవ్వింది.

"ఇదా నీ బాధ? మా డిపోలో ఇరవై ఏళ్ళపాటు ఒక్క బస్సు కూడా ఆలస్యం కాలేదు, తెలుసా నీకు?"

"అదెలా అత్తయ్యా?"

"డ్రైవరు వచ్చి బండి కదిలించాక, అప్పుడు రాసేవాళ్ళం బయల్దేరాల్సిన టైము. ఇంక ఆలస్యం ఎక్కడిది? కింద నిలబడ్డ జనానికి కాళ్ళు పీకేవి, అంతే."

డాక్టరమ్మ బఠాణీ గిన్నె అక్కడే వదిలేసి ఆసుపత్రికి పోయింది. వార్డులో నిలబడి చూసింది. నిజమే. రోగి కళ్ళు తేలేస్తాడు. సిస్టర్లు పరిగెత్తుకొస్తారు, ఛాతీ అదమటం మొదలుపెడతారు, షాక్ మిషను మూత తెరుస్తారు, షాకు దిగే అట్టలు ఛాతీకి అంటిస్తారు. మిషను 'షాకివ్వండి, షాకివ్వండి' అని మొత్తుకుంటుంది. కానీ ఆ మీట మీద వేలు పెట్టే హక్కు డాక్టరుకే. అది ఆసుపత్రి రూలు. డాక్టరు ఎక్కడినుంచో వస్తాడు, మెడ పట్టుకుని చూస్తాడు, "ఆగింది" అంటాడు. అప్పుడు సిస్టరు గోడ గడియారం చూసి రాస్తుంది, గుండె ఆగిన టైము. డాక్టరు ఒప్పుకునేదాకా ఆ గుండె కాగితం మీద కొట్టుకుంటూనే ఉంటుందన్నమాట. ఇందులో మోసం ఎవరిదీ లేదు. అలా రాయటమే అలవాటు. ముందున్నవాళ్ళు అలాగే నేర్పారు.

అయితే మిషన్లు రెండేళ్ళ కిందట కొత్తవి వచ్చాయి. మూత తెరిచిన క్షణం నుంచి వాటి కడుపులో వాటి గడియారం నడుస్తుంది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మన మొండిది పట్టించుకుంది. రెండేళ్ళలో ఆగిన నూట ఎనభై ఆరు గుండెల టైములు మిషన్లలోంచి బయటికి లాగింది. రెండు నిమిషాలు కాదు తల్లీ, సగటున ఏడు. అయిదు నిమిషాలు ఉత్త ఎదురుచూపు. ఆమె రిపోర్టు చివర రాసిన కోరిక ఒక్కటే: మిషను అడిగినప్పుడు సిస్టర్లే షాకివ్వాలి, ఎవరికోసమూ ఆగకూడదు.

దానిమీదే ఆ సోమవారం పిలుపు. ఇంక తలుపు తీద్దాం.

లోపల పొడుగాటి బల్ల, మధ్యలో ఒక ఫోను, నీళ్ళ జగ్గు. తలవైపు సూపరింటెండెంటు. ఆయన్ని సిస్టర్లు చాటుగా నవ్వులాయన అంటారు, చావు కబురు చెప్పినా పెదాల మీద నవ్వు చెరగదు కాబట్టి. ఆయన కుడిపక్కన ఆసుపత్రి లాయరు, ముందర తెల్లకాగితాలు, మూత తీసిన పెన్ను. ఎడమపక్కన పెద్దసారు. డాక్టరమ్మకి స్టెతస్కోపు చెవిలో పెట్టుకోవటం నేర్పిన గురువు ఆయనే. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు తప్ప ఈమె ముఖంలోకి చూడలేదు.

"కూర్చోండి డాక్టరుగారూ," అన్నాడు నవ్వులాయన. "టీ చెప్పమంటారా?"

"వద్దు సార్. విషయం చెప్పండి."

"విషయం చిన్నదే." ఒక కాగితం ముందుకి జరిపాడు. "మిషన్ల గడియారాలు సరిగ్గా లేవని, అందువల్ల ఈ పరిశోధనని మీరే వెనక్కి తీసుకుంటున్నారని రెండు వాక్యాలు. కింద సంతకం."

ఆమె చదివింది. రెండోసారి కూడా చదివింది.

"గడియారాలు సరిగ్గానే ఉన్నాయి సార్. వాటన్నిటినీ నేనే పట్టి చూశాను. సరిగ్గా లేనిది మన రిజిస్టరు."

"చూడండి, ఇది బయటికి వస్తే జనం ఏమనుకుంటారు? ఈ ఆసుపత్రిలో ఏడు నిమిషాలు శవం పక్కన నిలబడతారట అనుకోరూ?"

"శవం కాదు సార్. మనం నిలబడబట్టి శవమవుతోంది."

లాయరు దగ్గాడు. నవ్వులాయన ఇంకాస్త నవ్వి, సొరుగులోంచి ఒక గోధుమరంగు కవరు తీసి బల్లమీద పెట్టాడు. లక్క ముద్ర విరిగి రెండు ముక్కలై వేలాడుతోంది.

డాక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటారా? ఆ కవరు సంగతి చెప్పాలి. పరిశోధన మొదలుపెట్టినప్పుడే ఆమె ఒక నియమం పెట్టుకుంది. ఆగిన గుండెకొకటి చొప్పున రాసిన వరసల్లో, ఏ వరసలో ఏ డాక్టరు ఉన్నారో తనకి తెలియకూడదు. తెలిస్తే స్నేహితుడికి ఒక కొలత, గిట్టనివాడికి ఒక కొలత అవుతుందని భయం. అందుకని తేదీలు, డాక్టర్ల పేర్లు అన్నీ రికార్డుల గుమాస్తా చేత తీయించేసి, వరస నంబర్లు మాత్రం ఉంచమంది. ఏ నంబరు ఎవరో, ఏ తేదీదో రాసిన జాబితాని కవర్లో పెట్టి, లక్క వేసి, పని పూర్తయ్యేదాకా తెరవకూడదని ఈ సూపరింటెండెంటు చేతికే ఇచ్చింది. కంచెని నమ్మి చేను అప్పజెప్పినట్టు ఇచ్చింది పిచ్చిది.

"ఇది ఎవరు చింపారు?" అంది.

"నేనే. నా ఆసుపత్రి, నా సొరుగు."

"మీ సొరుగే. మాట మాత్రం నాకిచ్చారు."

"మాటల సంగతి తర్వాత. మీ రిపోర్టులో అందరికంటే ఎక్కువ ఆలస్యం ఏ వరసలో ఉంది?"

"పద్నాలుగులో. పన్నెండు నిమిషాలు. మనిషి దక్కలేదు."

"దాని గురించి మీరే రాశారు, చదవమంటారా? 'ఇంత ఆలస్యాన్ని ఏ కారణమూ కడగలేదు.' మంచి మాట." ఆయన జాబితా విప్పి, వేలు పెట్టి, ఆమె వైపు తిప్పాడు. "చదవండి. పద్నాలుగులో ఉన్నదెవరు?"

ఆమె కళ్ళు ఆ వరస మీద పడ్డాయి. తన పేరే.

తేదీ చూడగానే మంచం గుర్తొచ్చింది, మంచం మీద మనిషి గుర్తొచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ. ఆ పొద్దున రౌండ్లకి వెళితే, "డాక్టరమ్మా, నీ కోటు జేబు కుట్టు ఊడింది, చూసుకోవా? రేపు మా పిల్ల చేత సూదీదారం తెప్పిస్తాలే" అంది. మధ్యాహ్నానికి ఆమె గుండె ఆగింది. ఆ టైములో డాక్టరమ్మ కింద లాబ్‌లో ఇంకొకాయన గుండె నాళంలో తీగ పెట్టి ఉంది, వదిలితే ఆయన పోతాడు. వేరేవాళ్ళని పిలవమని కబురు పంపింది, వేరేవాళ్ళు దొరకలేదు. తీగ తీసి, మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ వెళ్ళి, మెడ పట్టుకుని "ఆగింది" అన్నది తనే. సిస్టరు గడియారం చూసి రాసుకుంది. తర్వాత రిజిస్టరులో రెండు నిమిషాలని చూసుకుని, మనం చేయగలిగింది చేశాం అని ఈ రెండేళ్ళూ నిద్రపోయింది.

అందరికీ చూపించబోయిన అద్దంలో ముందు తన ముఖమే కనపడింది. ఎలా ఉంటుందో ఆలోచించండి.

"అర్థమైందనుకుంటా," అన్నాడు నవ్వులాయన, గొంతులో తేనె పూసుకుని. "ఆ ఇంటివాళ్ళకి ఇది తెలిస్తే ముందు మీ గుమ్మం ముందే నిలబడతారు. మేం మీ మంచికే చెప్తున్నాం. సంతకం పెట్టేయండి, ఈ కవరు మళ్ళీ అతికిద్దాం."

ఆమె చెయ్యి చాపింది. "పెన్ను ఇవ్వండి."

లాయరు గబుక్కున పెన్ను ఇచ్చాడు. ఆమె ఆ రెండు వాక్యాల కాగితాన్ని పక్కకి నెట్టి, తన ఫైలు విప్పింది. పద్నాలుగో వరస పక్కన, ఖాళీలో, గుండ్రటి అక్షరాలతో రాసింది: ఆరోజు డ్యూటీ డాక్టరుని నేనే. కింద సంతకం చేసింది. తేదీ వేసింది.

"ఏం చేస్తున్నారు మీరు?"

"మీరు చూపించారుగా సార్. చూశాక రాయకపోతే నాకూ రిజిస్టరుకీ తేడా ఏముంది? వాళ్ళింటికి మీరు కబురు పెట్టక్కర్లేదు. నేనే వెళ్తాను. తలుపు ముఖాన వేస్తే వేయించుకుంటాను." "ఒక్కటి మాత్రం చూడండి. ఆరోజు నేను తప్పతాగి పడుకోలేదు. ఇంకో ప్రాణం పట్టుకుని ఉన్నాను. ఆవిడ పక్కన ఇద్దరు సిస్టర్లు, మూత తెరిచిన మిషను, పన్నెండు నిమిషాలు నా కోసం చూస్తూ నిలబడ్డారు. మీట వాళ్ళ చేతికి జానెడు దూరంలో ఉంది. నన్ను ఇరికిద్దామని తీశారు గానీ, నా రిపోర్టుకి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను వెతికినా దొరికేది కాదు."

నవ్వులాయన నవ్వు మొదటిసారి ఒక పక్కకి జారింది.

అప్పుడు కదిలాడు పెద్దసారు. కిటికీ వైపు నుంచి ముఖం తిప్పకుండానే అన్నాడు. "ఆ రూలు పెట్టింది నేనమ్మా."

"తెలుసు సార్."

"ఎందుకు పెట్టానో తెలీదు నీకు. అప్పటికి నువ్వు స్కూల్లో ఉండి ఉంటావు. ఒక సిస్టరు, మంచి పిల్ల, మానిటరు తీగ ఊడి తెరమీద గీతలు పిచ్చిగా ఊగితే, కంగారులో గుండె ఆగిందనుకుని, కొట్టుకునే గుండెకి షాకిచ్చింది. మనిషి పోయాడు. ఆ పిల్ల ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ సిస్టరుకీ ఆ గతి పట్టకూడదని పెట్టాను."

ఆమెకి ఆయన మీద కోపం రాలేదు. అదే కష్టం. గిట్టనివాళ్ళతో తగువు తేలిక.

"అప్పటి మిషనుకి తెలివి లేదు సార్. ఇప్పటిది గుండె కొట్టుకుంటుంటే మీట నొక్కినా షాకివ్వదు. మీరు వాళ్ళని కాపాడదామనే కట్టారు చేతులు. మిషను మారింది, కట్టు విప్పటం మర్చిపోయాం."

పెద్దసారు బదులు నవ్వులాయన అందుకున్నాడు.

"సరే, గురుశిష్యుల మాటలు అయ్యాయి కదా. ఇప్పుడు తొంభై ఒకటో వరస చెప్పండి. మిషను ప్రకారం షాకు ఒకటిన్నర నిమిషానికే పడింది. డాక్టరు వచ్చింది ఎనిమిదో నిమిషానికి. అంటే డాక్టరు రాకముందే ఎవరో మీట నొక్కారు. ఎవరు?"

అదెవరో డాక్టరమ్మకి తెలుసు. మీట నొక్కిన సిస్టరే మెట్ల మలుపులో తనని పట్టుకుని, ఏడుస్తూ చెప్పింది. ఆ తొంభై ఒకటో వరస మనిషి ఇప్పటికీ నెలనెలా చూపించుకోవటానికి వస్తాడు. ఛాతీ మీద కాలిన మచ్చ వల్ల ఈతకొలనులో చొక్కా విప్పలేకపోతున్నానని ఫిర్యాదు చేస్తాడు. బతికి ఉండి చేస్తాడు.

"ఆ మనిషి బతికాడు సార్. అది అడగరేం?"

"అది దేవుడి దయ. రూలు తప్పినవాళ్ళ పేరు కావాలి నాకు. ఆరోజు డ్యూటీలో ముగ్గురున్నారు. పిలిచి అడిగితే ముగ్గురూ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు నిలబడ్డారు. మీకు తెలుసని నాకు తెలుసు. బేరం తేలికది. పేరు చెప్పండి, మీ పరిశోధన మీరు చేసుకోండి, నేను అడ్డురాను. చెప్పకపోతే పరిశోధనా లేదు, రేపటినుంచి మీరూ లేరు."

లాయరు కొత్త కాగితం తీసుకున్నాడు, పేరు రాసుకోవటానికి.

డాక్టరమ్మ ఫైలు మూసి, తాడు కట్టింది. తొందరపడకుండా, చిక్కుముడి పడకుండా కట్టింది. "మా అత్తగారు బస్సులో పనిచేశారు సార్. మధ్యలో దించేస్తామంటే భయపడేవాళ్ళు కొందరుంటారు, నడిచిపోయేవాళ్ళు కొందరుంటారు. నాకు కాళ్ళున్నాయి. పేరు చెప్పను."

"పదిహేనేళ్ళ పని పోతుందమ్మా," అన్నాడు పెద్దసారు మెల్లగా.

"ఆ పిల్ల పేరు చెప్పి నిలబెట్టుకుంటే, రేపు ఏ సిస్టరూ నాకు నిజం చెప్పదు సార్. నిజం చెప్పేవాళ్ళు లేకపోతే ఇంక పరిశోధనేంటి?"

సరిగ్గా అప్పుడు గోడమీద స్పీకరు గరగరలాడింది. మూడో అంతస్తు, ఆడవాళ్ళ వార్డు, పదో మంచం, గుండె ఆగింది. మూడుసార్లు చెప్పింది ఆపరేటరు.

డాక్టరమ్మ లేచింది. ఆఫీసు మేడనుంచి ఆ వార్డుకి పరిగెత్తినా ఆరు నిమిషాలు. డ్యూటీ కుర్రడాక్టరు ఎక్కడున్నాడో తెలీదు. ఆమె తలుపు వైపు పోలేదు. బల్ల మధ్యలో ఉన్న ఫోను తన వైపు లాక్కుని, వార్డు నంబరు నొక్కి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"వార్డు." ఆడగొంతు, రొప్పుతోంది. వెనక ఇంకో గొంతు ఛాతీ అదుముతూ లెక్కపెడుతోంది. పదకొండు, పన్నెండు, పదమూడు.

"నేనమ్మా, గుండె డాక్టరుని. డాక్టరు వచ్చాడా?"

"రాలేదు మేడమ్. కింద ఎక్స్‌రే దగ్గరున్నాడట."

"మిషను ఏమంది?"

"షాకివ్వమంది."

నవ్వులాయన ముందుకి వంగాడు. పెదాల మీద ఇప్పుడు ఏమీ లేదు. "డాక్టరుగారూ, ఫోనులో ఆ ఉత్తరువు ఇచ్చారంటే మా ముగ్గురి ముందు ఇచ్చినట్టే. లాయరుగారు రాసుకుంటారు."

"రాసుకోండి," అంది ఆమె ఆయన కళ్ళలోకి చూస్తూ. ఫోను వైపు వంగింది. "షాకివ్వమ్మా. ఎవరికోసమూ ఆగొద్దు. తప్పయితే నాది."

అవతల లెక్క నడుస్తోంది. పంతొమ్మిది, ఇరవై.

"మీరు ఫోను చేయకముందే ఇచ్చేశాను మేడమ్," అంది సిస్టరు. "మూత తెరిచిన ఒకటింపావు నిమిషానికి ఇచ్చాను. మీరు అడుగుతారని టైము ఈసారి నేనే రాసిపెట్టాను."

పెద్దసారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో, నవ్వుతున్నాడో, పక్కనున్న లాయరుకి కూడా తెలియలేదు. నవ్వులాయన మాత్రం ఫోనుని డాక్టరమ్మ చేతికిందనుంచి లాక్కున్నాడు.

"ఎవరు మాట్లాడేది? ఎవరిమ్మన్నారు నిన్ను? నీ పేరేంటి?"

"చెప్పకమ్మా, ఫోను పెట్టేయి," అంది డాక్టరమ్మ.

ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. అక్కడ లెక్క ఆగిపోయింది. ముప్ఫై దాకా పోవాల్సిన లెక్క ఇరవై ఎనిమిది దగ్గర ఎందుకు ఆగింది? అదిమే చేతుల కింద ఏదైనా కదిలిందా, అదిమే చేతులే ఆశ వదులుకున్నాయా? బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ఆ నల్లటి ఫోను డబ్బా వైపు వంగారు. అందులోంచి ఏవో అడుగుల చప్పుడు, ఒక ట్రే కిందపడ్డ చప్పుడు, తర్వాత ఆ సిస్టరు గొంతే, ఈసారి రొప్పకుండా.

"నా పేరు చెప్తాను సార్. దాచుకోవటానికేం లేదు. మీరు మమ్మల్ని పిలిచి అడిగిన ఆ తొంభై ఒకటో వరసలో ఉన్నదీ నేనే. ముందు పదో మంచం సంగతి వినండి."

పదో మంచం సంగతి రేపటికి ఉంచి ఇక్కడ ఆపుతున్నందుకు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోండి. కానీ లేచి వెళ్ళేముందు ఒక మాట తీసుకెళ్ళండి. ఇంటికెళ్ళి వినని వాళ్ళకి ఈ కథ చెప్పేటప్పుడు ఆ సిస్టరు తెగువ ఎలాగూ చెప్తారు, చేతులు తిప్పుతూ చెప్తారు. దానికి ముందు జరిగింది మింగేయకండి. ఆ డాక్టరమ్మ పద్నాలుగో వరసలో తన పేరు చూసుకుని, కవరు అతికిస్తామన్నా వద్దని, పెన్ను అడిగి, తన చేత్తో తనే రాసుకుంది. అది గుర్తుపెట్టుకుని, అదే ముందు చెప్పండి.